బాబాయి నోరు మూసుకుని అమ్మిన మిషను

మా పిన్ని మనుషులతో కన్నా మిషన్లతోనే ఎక్కువ మాట్లాడుతుంది. కుట్టు మిషను తల పక్కకి వాల్చి, "ఏమైందమ్మా, ఎక్కడ పట్టేసింది?" అని అడుగుతుంది. అదే మాట ఆ మిషను తెచ్చినావిడని అడగదు. బాబాయి దీనికి సరిగ్గా ఎదురు. మాట్లాడటానికి ఎవరూ దొరక్కపోతే గోడ మీద గడియారంతోనైనా సరిపెట్టుకుంటాడు. వీధిలో అందరూ ఆయన్ని రేడియో అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయన ఏమీ అనుకోడు సరికదా, "రేడియోకి సెలవుంటుందా?" అని మళ్ళీ మొదలుపెడతాడు.

పూర్వం ఇద్దరూ ఒకే కుట్టు మిషన్ల కంపెనీలో పనిచేసేవారు. ఆయన అమ్మేవాడు, ఆవిడ పాడైనవి బాగుచేసేది. వాళ్ళ పరిచయమే అలా మొదలైందట. "ఈ మిషను జన్మలో ఆగదు" అని బాబాయి చెప్పి అమ్మిన చోటికల్లా నెల తిరక్కుండా పిన్ని సంచీ పట్టుకుని వెళ్ళాల్సి వచ్చేది. ఒకరోజు ఆవిడ తిన్నగా ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి, "కాస్త తక్కువ చెప్పి అమ్మండి, నా నడుం పడిపోతోంది" అందట. పెళ్ళయ్యాక కూడా ఆవిడ తనతో ఏకబిగిన అన్న పెద్ద మాట అదేనని బాబాయి అందరికీ చెబుతాడు.

నేను పదో తరగతి సగంలో బడి మానేసి వీళ్ళ దగ్గరికి వచ్చాను. అప్పటికే పిన్ని ఉద్యోగం వదిలేసి ఇంటి ముందుగదిలో సొంతంగా పని పెట్టుకుంది. గుమ్మం మీద ఒక బోర్డు ఉండేది: 'అన్ని కంపెనీల కుట్టు మిషన్లు బాగుచేయబడును.' బాగైన మిషను మీద గుడ్డముక్క పెట్టి నాలుగు వరసలు కుట్టి చూడటం నా వంతు. కుట్టు సరిగ్గా పడితే తలూపుతాను, పడకపోతే అడ్డంగా ఊపుతాను. నోరు విప్పక్కర్లేదు కాబట్టి ఆ పని నాకు బాగా కుదిరింది.

పిన్నికి కూడా సొంత పని బాగా కుదిరింది. దర్జీ దుకాణాలవాళ్ళూ, బట్టలు కుట్టే రెండు మూడు పెద్ద యూనిట్లవాళ్ళూ ఆవిడతో ఏడాదికింత అని కాంట్రాక్టు రాసుకున్నారు. మిషను ఆగితే కబురు పెడతారు. ఆవిడ వెళ్తుంది, విప్పుతుంది, బిగిస్తుంది, నేను కుట్టి చూస్తాను, ఇంటికొచ్చేస్తాం. పని లేని మధ్యాహ్నం చాప వేసుకుని కునుకు తీస్తుంది. ఎక్కడికెళ్ళావు, ఎందుకాలస్యమైందని అడిగే నాథుడు లేడు.

ఆ చాపే బాబాయి కొంప ముంచింది. ఒకరోజు మధ్యాహ్నం ఏదో కాగితం మరిచిపోయి ఇంటికొచ్చాడు. మెడలో కంపెనీ పట్టీ, చేతిలో సంచీ, చొక్కా అంతా చెమట. పిన్ని పాదం మీద పాదం వేసుకుని హాయిగా నిద్రపోతోంది. ఆయన గుమ్మంలో నిలబడి ఆవిణ్ణి అలా చూస్తూ ఉండిపోయాడు. "చూశావా బుజ్జీ," అన్నాడు నాతో, "అదే కంపెనీ, అవే మిషన్లు. మీ పిన్ని నిద్రపోతోంది, నేను సాయంత్రానికి పదిమంది సంతకాలు తేవాలి."

ఆ నెలాఖరుకే రాజీనామా ఇచ్చేశాడు. చిన్న మిషన్లు చేసే ఒక కొత్త కంపెనీతో కాంట్రాక్టు మాట్లాడుకున్నాడు. జీతం లేదు, అమ్మినదాన్ని బట్టి కమిషను. వాళ్ళు మెరిసే నీలం సంచీ ఒకటిచ్చారు. దాన్ని భుజాన వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు.

పాత కంపెనీ మేనేజరు మాత్రం బాబాయి వెళ్ళిపోయేటప్పుడు ఆయన చెవిలో ఒక మాట వేశాడు. "ఏవయ్యా, సొంతంగా ఉండటం రిపేరు చేసేవాళ్ళకి నప్పుతుంది, అమ్మేవాళ్ళకి నప్పదు. మీ ఆవిడ బాగుచేసిన మిషను తిరుగుతుంటే అందరికీ కనబడుతుంది. నువ్వు ఆడిన మాట ఎవడికి కనబడుతుంది? వెనక కంపెనీ ఉంటేనే దానికి విలువ." బాబాయి ఆ మాటని నవ్వుతూనే మాకు చెప్పాడు. కానీ తర్వాత కూడా పళ్ళు తోముకుంటూ, చెప్పులేసుకుంటూ, ఉన్నట్టుండి "ఎందుకు నప్పదు?" అనేవాడు. ఎవరిని అడుగుతున్నాడో తెలిసేది కాదు.

మొదటి వారంలోనే ఒక సాయంత్రం గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు. పిన్ని కంచాలు పెడుతుంటే కూర్చోకముందే చెప్పేశాడు, అమ్మేశానని. మార్కెట్టు వెనక దర్జీ మొదట వద్దంటే వద్దన్నాడట. ఈయన మిషను గురించి చెప్పీ చెప్పీ చివరికి అతని చేత తలూపించాడట. "అక్కడికక్కడే ఫోన్ చేసి ఆర్డరు పెట్టేశాడు. కంపెనీ నంబరు నేనే చెప్పా, కాగితం చూడకుండా, గడగడా..."

ఆయన ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

ఇన్నేళ్ళుగా గడగడా చెప్పిన నంబరు పాత కంపెనీది. కాస్త గుర్తు చేసుకుంటే, పొగిడిన మిషను కూడా పాత కంపెనీదేనని తేలింది. ఊపులో నోరు తన పాత దారినే వెళ్ళిపోయింది. అంతసేపూ నీలం సంచీ దర్జీ గుమ్మం పక్కనే ఉందట పాపం, దాని జిప్పు కూడా తియ్యలేదు. పిన్ని కాసేపు పెదవులు బిగబట్టుకుంది. ఇక ఆగలేక లేచి కుళాయి దగ్గరికి పోయి, గోడకి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది. పిన్ని పళ్ళన్నీ కనబడగా నేను చూడటం అదే మొదటిసారి. బాబాయి కూడా చివరికి నవ్వేశాడు. "మేనేజరు నా చేత జీతం లేకుండా పని చేయించుకుంటున్నాడు" అన్నాడు.

అసలు చిక్కు వేరే ఉంది. పిన్ని బతికించిన ప్రతి మిషనూ బాబాయి అమ్మలేని మిషనే. ఇద్దరూ ఉద్యోగాల్లో ఉన్నప్పుడు ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు ఒకే గుమ్మంలోంచి ఇద్దరూ బయల్దేరుతున్నారు. బాబాయి ఎంతో కష్టపడి ఒకావిణ్ణి ఒప్పించేసరికి, ఆవిడ "ఒక్కసారి మీ ఆవిడకి చూపిస్తాను" అని పాత మిషను తీసుకొచ్చింది. పిన్ని దాని పొట్ట విప్పి చూసి, "పదేళ్ళు నడుస్తుంది" అని మూసేసింది. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది.

"పదేళ్ళా? అయిదేళ్ళని ఉండొచ్చుగా" అన్నాడు బాబాయి.

"అబద్ధం చెప్పమంటారా?"

"అబద్ధం కాదే. తగ్గింపు."

ఇలా వర్షాలు, చలి వెళ్ళిపోయి మళ్ళీ ఎండలొచ్చాయి. నీలం సంచీ మెరుపు పోయింది. కొత్త కంపెనీ పేరు చెబితే జనం "అదెవరు?" అనేవాళ్ళు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేసరికే ఈయన గొంతు ఎండిపోయేది. ఇంతలో పాత మేనేజరు కబురు పెట్టాడు. ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీగా ఉందనీ, చెవులకి హెడ్‌ఫోన్లు తొడుక్కుని ఫోన్లు ఎత్తే పని అనీ, సోమవారం వస్తే ఇస్తాననీ, లేకపోతే ఇంకొకరికి పోతుందనీ. బాబాయి వెళ్ళి ఆ కుర్చీ చూసొచ్చాడు. కిటికీ లేని గది. వచ్చిన ఫోనుకి ఏం చెప్పాలో ముందే అచ్చువేసి గోడకి అంటించారట, ఒక్క మాట కలపకూడదట. "కుర్చీ ఒక కాలు ఊగుతోంది కూడా" అన్నాడు. అది చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు. సోమవారంలోపు ఒక్క మిషనైనా సొంతంగా అమ్మితే సరే, లేకపోతే నోరు మూసుకుని వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటానని పిన్నికి మాటిచ్చాడు.  ఆ రోజు పిన్ని ఏ మిషనుతోనూ మాట్లాడలేదు.

శనివారం పొద్దున యూనిఫారాలావిడ దగ్గర్నుంచి ఫోను. బడి పిల్లల యూనిఫారాలు కుట్టించే ఆవిణ్ణి మేమలాగే పిలుస్తాం. పిన్నిని రమ్మంది, బాబాయిని కూడా రమ్మంది. ముగ్గురం బస్సెక్కి వెళ్ళాం. గోదాము మీద పొడుగాటి హాలు. రెండు వరసల మిషన్లు, నేల నిండా నీలం దారాలు, నడుస్తుంటే మడమలకి చుట్టుకుంటున్నాయి. కత్తిరింపు బల్ల మీద సుద్దగీతలు. యూనిఫారాలావిడ మెడలో టేపు వేసుకుని, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసమే బల్ల మీద వెతుకుతోంది. బడులు తెరిచే రోజు దగ్గరపడింది. ఈసారి వచ్చిన గుడ్డ మందం, దాన్ని కుట్టే వరసలో మిషన్లన్నీ కుట్లు తప్పుతున్నాయి.

"మీ ఇద్దర్నీ ఒకేసారి పిలిచానని ఏమీ అనుకోకండి," అంది. "ఆవిడ బాగుచేస్తే బాగుచేయించుకుంటాను. కాదంటే మీ దగ్గర వరస మొత్తం కొత్తవి కొనేస్తాను. సోమవారం నుంచి నాకు ఒక్క కుట్టు తప్పకూడదు."

వరస మొత్తం. బాబాయి సంచీ గుమ్మం దగ్గర దించి జిప్పు మీద చెయ్యి వేశాడు.

పిన్ని నేలమీద కూర్చుని మొదటి మిషను అడుగు విప్పింది. నేను టార్చిలైటు పట్టుకున్నాను. సూది కిందికి దిగి మళ్ళీ లేచేటప్పుడు, అడుగున తిరిగే షటిల్ తన కొక్కెంతో దారాన్ని అందుకోవాలి. ఆ అందుకోవడం ఒక్క వెంట్రుకవాసి ఆలస్యమైనా కుట్టు తప్పుతుంది. మందం గుడ్డ మీద సూదులు విరిగీ విరిగీ, ఆ దెబ్బలకి షటిల్ జరిగింది. జరిగినంత మేర నూనెమరక పక్కన సన్నటి మెరుపుగీత కనబడుతోంది. నాకే కనబడిందంటే పిన్నికి కనబడకుండా ఉంటుందా. స్క్రూ వదులు చేసి, వెనక్కి తిప్పి, బిగించడమే.

పిన్ని చెయ్యి స్క్రూ మీదే ఆగిపోయింది. తలెత్తి బాబాయి వైపు చూసింది. ఆవిడ అలా పని మధ్యలో తలెత్తడం నేనెప్పుడూ ఎరగను.

బాబాయి వంగి చిన్నగా అడిగాడు, "బాగవుతుందా?"

ఆవిడ తలూపింది.

ఆయన ఒకసారి గుమ్మం దగ్గర పెట్టిన నీలం సంచీ వైపు చూశాడు.  తర్వాత నా చేతిలోంచి టార్చిలైటు తీసుకుని పిన్ని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అయితే బాగుచెయ్యి. నా మొహం చూస్తావేం, దాని మొహం చూడు."

పిన్ని పని మొదలుపెట్టింది. ఆయన టార్చి పట్టుకుని, అలవాటు కొద్దీ, ఈ గుడ్డ ఎక్కడ నేస్తారో, యూనిఫారాలకి నీలం రంగే ఎందుకో మొదలుపెట్టాడు.

"మాట్లాడకండి," అంది పిన్ని. "మీరు మాట్లాడితే వెలుగు ఊగుతోంది."

బాబాయి నోరు మూసుకున్నాడు. ఒక మిషను అయింది, రెండోది అయింది, మూడోది కూడా అయింది. అంతసేపు ఆయన గొంతు వినబడకపోతే నాకు చెవిలో ఏదో అడ్డుపడ్డట్టే అనిపించింది. నోటికి పని లేకపోయేసరికి ఆయన కళ్ళు హాలంతా తిరగడం మొదలుపెట్టాయి. కుట్టేవాళ్ళ చేతుల మీద ఆగాయి, నడవ వెంట పోయాయి, చివరికి కిటికీ దగ్గర చిక్కుకున్నాయి. అక్కడ కిటికీ ఉందని తెలియడమే కష్టం. చొక్కాల గుట్ట దాన్ని పైదాకా కప్పేసింది. ఆ గుట్ట వెనక ఒక పెద్దావిడ ఒకే ఒక్క కాజాల మిషను ముందు కూర్చుని గుండీలకి కాజాలు కుడుతోంది. చొక్కా పూర్తిచేసిన ప్రతి అమ్మాయీ లేచి వెళ్ళి ఆ గుట్ట మీద ఇంకోటి పడేసి వస్తోంది.

చివరి మిషను మీద మందం గుడ్డని నాలుగు మడతలు వేసి కుట్టి చూశాను. ఒక్క కుట్టూ తప్పలేదు. తలూపాను. యూనిఫారాలావిడ ఆ కుట్టుని గోటితో గీరి చూసింది, ముఖం విప్పారింది. తర్వాత బాబాయి వైపు కాస్త జాలిగా తిరిగింది.

"ఏమనుకోకండి రేడియోగారూ. ఇంక కొత్త మిషన్లతో పనిలేదు."

"వరసకి పనిలేదండీ," అన్నాడు బాబాయి. "ఆ కిటికీకే ఉంది."

ఆవిడకి అర్థం కాలేదు. బాబాయి కాజాల పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, ఈ చొక్కాలు ఎప్పటివమ్మా అని అడిగాడు. ఆవిడ కాలు ఆపకుండానే జవాబు చెప్పింది. "నిన్నటివి కింద ఉన్నాయి, మొన్నటివి ఇంకా కింద ఉన్నాయి. నేను వెలుతురు చూసి వారమైంది నాయనా. బయట ఎండా వానా?"

హాలంతా నవ్వారు. బాబాయి మామూలుగా అయితే ఆ నవ్వు అందుకుని ఇంకో నాలుగు అనేవాడు. ఆ రోజు తక్కువ మాట్లాడాడు. వరసలో మిషన్లు ఇప్పుడు బాగైనాయి కాబట్టి గుట్ట ఇంకా తొందరగా పెరుగుతుందని చెప్పాడు. కొత్తవి కొన్నా అంతే అయ్యేదన్నాడు. కుట్లు తప్పే చప్పుడు అందరికీ వినబడింది గానీ, కాజాల దగ్గర పని ఆగిపోతే చప్పుడుండదు కదా అన్నాడు. ఇంకో కాజా మిషను వస్తే సోమవారం కాకపోయినా ఆ వారంలో గుట్ట దిగుతుందన్నాడు.

యూనిఫారాలావిడ గుట్ట చుట్టూ ఒకసారి తిరిగింది. అన్నాళ్ళూ అది కళ్ళముందే ఉన్నా అప్పుడే మొదటిసారి చూసినట్టుంది. "మీ సంచీలో ఉందా అది?" అంది.

"లేదండీ. ఈ కంపెనీవాళ్ళు కాజాలవి చెయ్యరు. మంచిది మా... అదే, నేను మానేసిన కంపెనీలో ఉంది."

"మరి అందులో మీకేం మిగుల్తుంది?"

"ఏమీ మిగలదండీ," అన్నాడు బాబాయి. నంబరు గడగడా చెప్పిన రోజు గుర్తొచ్చిందేమో. ఈసారి తెలిసే మేనేజరుకి ఊరికే పనిచేసి పెట్టబోతున్నాడు.

అప్పటిదాకా పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటున్న పిన్ని నోరు విప్పింది. "నేను ఏ కంపెనీ మిషనైనా విప్పుతాను కదా. ఎవరి మిషను పాడైతే వాళ్ళ మనిషిని నేను. మీరు మాత్రం ఒక సంచీ దించి ఇంకో సంచీ ఎత్తుకున్నారు. ఎందుకు?"

హాల్లో కొందరు పిన్ని గొంతు వినడం అదే మొదటిసారి అనుకుంటాను.  బాబాయి యూనిఫారాలావిడతో ఒక్క నిమిషం అని, జేబులోంచి ఫోను తీసి మేనేజరుకి చేశాడు. ఆయన ఫోన్లో మాట్లాడితే రెండువైపుల మాటలూ పక్కన ఉన్నవాళ్ళంతా విన్నట్టే.

"సార్, మీ కాజా మిషను ఒకటి అమ్మాను. కాకపోతే నేను మీ మనిషిని కాను. ఏం చేద్దాం?"

మేనేజరు మొదట నవ్వాడు, తర్వాత కంపెనీలో అలాంటి పద్ధతి లేదన్నాడు.

"లేకపోతే పెట్టండి సార్. కాజా మిషన్లు చేసేవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. మీది బావుంటుందని ముందు మీకు చేశా. ఆవిడకి తొందరగా ఉంది."

 కాజాల పెద్దావిడ కూడా మిషను ఆపి వింటోంది. చివరికి మేనేజరు, సరే, కాంట్రాక్టు కాగితం పంపిస్తానన్నాడు. మరి సోమవారం కుర్చీ సంగతేంటని అడిగాడు.

"ముందు దాని కాలు బాగుచేయించండి సార్," అన్నాడు బాబాయి. "మా ఆవిడ కుర్చీలు చెయ్యదు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వెనక సీటు దొరికింది. బాబాయి కిటికీ పక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా చాలాదూరం దుకాణాల బోర్డులు చూస్తూ వచ్చాడు. పిన్నికి భయమేసినట్టుంది, "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

"వెతుక్కుంటున్నానే," అన్నాడు. "ఎవరికి ఏం కావాలో. ఇన్నాళ్ళూ చెప్పడమే పని అనుకున్నా."

ఆ మాట అన్నాక ఆయనకి మళ్ళీ గొంతొచ్చింది. ఇల్లు చేరేదాకా కండక్టరుతో మాట్లాడాడు.

బాబాయి పని పిన్ని పనిలా ఉంటుందని నేను చెప్పను. పిన్ని పని పొద్దున మొదలైతే భోజనం వేళకి తేలిపోతుంది. ఆయనది అలా కాదు. వారం రోజులు తిరిగి, ఒక యూనిట్‌లో నాలుగుసార్లు కూర్చుని, చివరికి "మీకు ఇప్పుడేమీ అక్కర్లేదండీ" అని చెప్పి వచ్చిన రోజులున్నాయి. అలా చెప్పినవాళ్ళే తర్వాత ఫోను చేస్తారు, కానీ ఎప్పుడు చేస్తారో వాళ్ళకే తెలియదు. ఇప్పుడు నాలుగు కంపెనీల కాగితాలున్నాయి ఆయన దగ్గర. చిన్న మిషన్లవాళ్ళని కూడా వదల్లేదు, ఇంట్లో పల్చటి బట్టలు కుట్టుకునేవాళ్ళకి వాళ్ళదే చెబుతాడు. నీలం సంచీ మాత్రం నాకిచ్చేశాడు, గుడ్డముక్కలు వేసుకోమని. ఎక్కడైనా ఎదురుపడితే మేనేజరే పిన్ని వైపు చూసి, అమ్మేవాళ్ళకి కూడా నప్పిందే అంటాడట. 

మారింది పిన్నే. ఇదివరకు ఎవరైనా "కొత్తది కొనుక్కోనా?" అని అడిగితే "నాకు తెలియదు" అనేసేది. ఇప్పుడు స్క్రూ బిగిస్తూనే, తలెత్తకుండా, "దానికి లోపల వేరే మనిషి ఉన్నాడు, పిలవనా?" అంటుంది. పిలవనక్కర్లేదు. ఆ మాట వినబడగానే లోపల్నుంచి దగ్గు వినబడుతుంది.

మొన్న బోర్డు రాసేవాణ్ణి పిలిపించి, పాత బోర్డు మీదే ఇంకో వరస రాయించారు. పిన్ని వరస పెద్దక్షరాల్లో బోర్డంతా పరుచుకుని ఉంది, కింద జానెడు చోటే మిగిలింది. 'మీకు ఏది కావాలో చూసి చెప్పబడును' అని రాయాలన్నాడు బాబాయి. ఇంత పొడుగు పట్టదన్నాడు బోర్డువాడు. కాస్త తగ్గించమన్నాడు. బాబాయి ఒప్పుకోలేదు. చివరికి అక్షరాలు చీమల్లా చిన్నవై, ఆఖరి మాట అంచు దాకా వచ్చి ఇరుక్కుంది. వీధిలో నిలబడి చదవాలంటే మెట్టెక్కాలి.

పిన్ని మెట్టెక్కి చదివి, దిగి వచ్చి నా పక్కన నిలబడింది. "ఆయన ఇంత చిన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు" అంది.